ముందు స్కాన్ రిపోర్ట్ చూపించండి, ఈసీయూ సంగతి తర్వాత

డ్యాష్‌బోర్డు మీద తాళంచెవి బొమ్మ లైటు మిణుకుమంటూ కారు స్టార్ట్ కాలేదంటే, సర్వీస్ సెంటర్‌లో వినిపించే మొదటి మాట "ఈసీయూ పోయింది సార్". ఈసీయూ అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. ఏ పరీక్ష చేసి ఆ మాట అంటున్నారో అడిగితే మాత్రం జవాబుండదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. మా పక్క ఫ్లాట్‌లో ఉండే కడప అన్న కారుకి ఈమధ్య ఇదే జరిగింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ అందుకుంటోంది, వెంటనే ఆగిపోతోంది. సర్వీస్ సెంటర్‌కి టో చేయిస్తే కొత్త ఈసీయూ, రెండు కొత్త కీలు కలిపి పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. స్కాన్ రిపోర్ట్, అంటే కారుకి స్కానర్ పెడితే వచ్చే తప్పుల జాబితా, అడిగితే "మా టెక్నీషియన్ చూశాడు సార్" అన్నారట. ఊళ్ళో పెళ్ళి పెట్టుకున్న మనిషి, పిల్లల్ని తీసుకుని బస్సెక్కాల్సి వచ్చింది.

ఆ తాళంచెవి లైటు ఇమ్మొబిలైజర్‌ది, అంటే సరైన కీ కాకపోతే ఇంజిన్‌ని నడవనివ్వని పరికరానిది. అసలు అది పనిచేసే తీరు తెలిస్తే ఇంత సులువుగా భయపెట్టలేరు. కీ తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి సెల్ అక్కర్లేదు. కీ పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న కాయిల్ నుంచే ఆ చిప్‌కి కరెంటు అందుతుంది, అది తన కోడ్ చెబుతుంది. కోడ్ సరిపోకపోతే ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది, కొన్ని కార్లలో సెల్ఫే తిరగనివ్వదు. అందుకే రిమోట్ సెల్ అయిపోయి తలుపులు తెరుచుకోకపోయినా, మామూలు కీ ఉన్న కారు స్టార్ట్ అవుతుంది. బటన్ స్టార్ట్ కార్లలో కూడా, సెల్ అయిపోతే కీని బటన్‌కి ఆనించి నొక్కితే చాలావాటిలో పనిచేస్తుంది. ఎక్కడ ఆనించాలో మాన్యువల్‌లో ఉంటుంది.

కాబట్టి మొదటి పరీక్ష స్పేర్ కీ. దాంతో స్టార్ట్ అయితే తప్పు కీలో ఉంది. రెండింటితోనూ కాకపోతే కారు వైపు చూడాలి. కీచైన్‌కి ఇంకో కారు చిప్ కీ ఉంటే తీసేసి ప్రయత్నించండి, రెండు చిప్‌లు పక్కపక్కన ఉంటే కాయిల్ సరిగ్గా చదవలేకపోవచ్చు. తర్వాత బ్యాటరీ. పూర్తి చార్జ్‌లో 12.6 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ బలహీనమైనట్టే, అలాంటప్పుడు కంట్రోల్ యూనిట్లు సరిగ్గా మాట్లాడుకోవు. టెర్మినల్స్, ఫ్యూజులు, ఎర్త్ వైర్లు, ఎలుకలు కొరికిన చోట్లు... ఇవన్నీ చూశాకే ఈసీయూ పేరెత్తాలి.

అన్న కారులో చివరికి దొరికింది కాయిల్ దగ్గర తెగిన వైరు. మామూలు ఆటో ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెట్టి కనిపెట్టాడు. కారుని గంటలోపే స్టార్ట్ చేసిచ్చాడు. స్కానర్లూ శిక్షణా ఉన్న చోట ఈ పని ఎందుకు జరగలేదు?

ఈసీయూ ఎప్పుడూ పోదని కాదు. 2022 సెప్టెంబరు వానలకు యెమలూరు వైపు బేస్‌మెంట్లలో మునిగిన కార్ల లాంటివాటిలో నిజంగానే పోవచ్చు. అప్పుడైనా రాతపూర్వకంగా చూపించాలి: స్కానర్‌లో ఏ ఫాల్ట్ కోడ్ వచ్చింది, ఏ వైరు పరీక్షించారు, స్పేర్ కీతో ఏమైంది. మార్చేశాక పాత పార్టు మన చేతికివ్వాలి. డబ్బు కట్టేది మనం, అడిగే హక్కు మనది.

విసుగొచ్చి ఇమ్మొబిలైజర్ బైపాస్ చేయించుకుంటామనేవాళ్ళని కూడా చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. అమెరికాలో ఈ పరికరం లేకుండా అమ్మిన కియా, హ్యుందాయ్ కార్లను 2021 తర్వాత కుర్రాళ్ళు యూఎస్‌బీ కేబుల్ చివరతో ఇగ్నిషన్ తిప్పి ఎత్తుకుపోయారు. దొంగను ఆపే వస్తువది, తీసేయాల్సింది కాదు, బాగుచేయించుకోవాల్సింది.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నవాళ్ళు రెండు కీలూ అడిగి తీసుకోండి, రెండింటితోనూ ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. దొంగతనం క్లెయిమ్‌కి వెళితే ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా రెండూ అడుగుతారు. ఒకటి పోయిందని అమ్మేవాళ్ళు చెబితే, డబ్బు ఇచ్చే ముందే స్కానర్ పెట్టించి ఆ కీని కారు మెమరీలోంచి తీసేయించండి.