ఫోటోలకు నాలుగు రంగుల ట్యాంకు చాలా? ఒక వాట్సాప్ సలహాకు ఖండన

ఫోటో ప్రింటర్ కొనబోయేవాళ్లకంటూ ఒక సలహా ఫోన్లలో తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "నాలుగు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ తీసుకోండి. 5760 డీపీఐ ఉంటే ల్యాబ్ క్వాలిటీ వచ్చినట్టే. బ్లాక్ అండ్ వైట్‌కు నల్ల ఇంక్ ఒక్కటి చాలు. ఇంకైనా పేపరైనా ఏ కంపెనీదైనా ఒకటే. ప్రింటు వందేళ్లు ఉంటుంది. పది రంగుల ప్రింటర్లన్నీ డబ్బు గుంజే ఎత్తుగడ." వీటిలో ఒకటి రెండు మాటలు సగం నిజం. మిగతావి నమ్మి కొంటే పిల్లల ప్రాజెక్టులకు పనికొచ్చే ప్రింటర్ ఇంటికొస్తుంది తప్ప ఫోటో ప్రింటర్ రాదు.

మొదట డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె) సంగతి. ఎప్సన్ ఎల్3250 నాలుగు రంగుల ఆఫీసు ప్రింటర్. ఎల్805 ఆరు రంగుల ఫోటో ప్రింటర్. రెండింటి పెట్టెల మీదా 5760×1440 అనే ఉంటుంది. ఆ అంకె ఇంక్ చుక్కలను ఎంత దగ్గరగా పెట్టగలదో చెబుతుంది, చుక్క ఎంత చిన్నదో చెప్పదు. ఎల్3250లో అతి చిన్న చుక్క 3 పికోలీటర్లు (పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లో వంతు), ఎల్805లో 1.5. కొనేటప్పుడు అడగాల్సింది ఈ అంకె, దాంతోపాటు ఇంకుల జాబితా. ఇక మనం ఇచ్చే ఫైలుకు 5760తో సంబంధమే లేదు. అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే చాలు. అంటే 4×6 ప్రింటుకు 1200×1800, ఏ4కు 2480×3508. వాట్సాప్‌లో కుదించుకుని వచ్చిన ఫోటోను ఏ ప్రింటర్‌లో వేసినా ఏ4లో మసగ్గానే వస్తుంది.

"నాలుగు రంగులు చాలు" అన్నది పాస్‌పోర్టు ఫోటోలకు, పిల్లల చార్టులకు నిజమే. చిక్కంతా లేత రంగుల దగ్గర వస్తుంది. చెంప మీది వెలుతురు, పొద్దుటి ఆకాశం, తెల్లచీర మడతలు ముద్రించాలంటే నాలుగు రంగుల ప్రింటర్ ముదురు సయాన్ (నీలి ఛాయ), మెజెంటా (గులాబీ ఛాయ) చుక్కలను దూరదూరంగా చల్లాలి. దగ్గరగా చూస్తే అవి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. లేత సయాన్, లేత మెజెంటా ఉన్న ఎల్805, ఎల్8050 లాంటి వాటిలో అదే చోట ఎక్కువ చుక్కలు ఒత్తుగా పడతాయి కాబట్టి చర్మం నునుపుగా వస్తుంది.

కొన్ని నాలుగు రంగుల ట్యాంకుల్లో ఇంకో మెలిక ఉంది. కానన్ జీ2010లో రంగు ఇంకులు డై (నీళ్లలో కరిగిపోయిన రంగు), నలుపు మాత్రం పిగ్మెంట్ (కరగని సన్నటి రంగు పొడి). ఆ నలుపు మామూలు కాగితం మీద అక్షరాల కోసం పెట్టింది. గ్లాసీ పేపరు ఎంచుకోగానే ప్రింటర్ దాన్ని పక్కన పెట్టి, మూడు రంగులు కలిపి నలుపు తయారుచేస్తుంది. అందుకే ఫోటోలో జుట్టు నల్లగా కాక ముదురు గోధుమ రంగులోనో ఆకుపచ్చ ఛాయలోనో వస్తుంది. సెట్టింగును ప్లెయిన్ పేపర్‌కు మార్చి మోసపుచ్చాలని చూస్తే పిగ్మెంట్ నలుపు గ్లాసీ మీద ఆరక, వేలితో రాస్తే ఊడి వస్తుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు "బ్లాక్ అండ్ వైట్‌కు నల్ల ఇంక్ ఒక్కటి చాలు" అన్నది. మన ఇళ్లలో బ్లాక్ అండ్ వైట్ ప్రింటు అవసరం ఎక్కువగా తాతముత్తాతల పాత ఫోటోను స్కాన్ చేసి, మరకలు తుడిచి, గోడకు పెద్దది కట్టించేటప్పుడే వస్తుంది. ఆ ఫోటోలో ఉండేవన్నీ బూడిద ఛాయలే. ఒక్క నల్ల ఇంకుతో లేత బూడిద రావాలంటే తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు విడివిడిగా పడాలి. తెల్లటి పంచె, నుదురు ఉన్న చోట ఆ చుక్కలు మిరియాల పొడి చల్లినట్టు కంటికి తగులుతాయి. అలా కాకుండా రంగు ఇంకులన్నీ కలిపి బూడిద చేయిస్తే ఛాయ నిలకడగా ఉండదు. ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చగా, కిటికీ దగ్గర గులాబీగా కనిపించేది అందుకే. ఇంక్ పాడై కాదు. ఒక్కో వెలుతురును ఒక్కో ఇంక్ ఒక్కోలా వెనక్కి పంపడం వల్ల.

దీనికి మందు బూడిద ఇంకులు. ఎప్సన్ 2005లో ఆర్2400తో మూడు నలుపుల ఇంక్ సెట్టును, అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్‌ను తెచ్చింది ఇందుకే. ఆ మోడ్‌లో బొమ్మ దాదాపుగా నలుపు, బూడిద, లేత బూడిదలతోనే తయారవుతుంది. రంగు ఇంకులు ఛాయ దిద్దడానికి కొద్దిగానే పడతాయి. ఆ తర్వాత వచ్చిన ఎప్సన్ పీ700, పీ900లలోనూ అదే పద్ధతి.

కాబట్టి "ఆరు రంగులు" అని ఉంది కదా అని తృప్తి పడకూడదు, ఏ ఆరు అని అడగాలి. ఎల్8050లో లేత సయాన్, లేత మెజెంటా ఉన్నాయి, బూడిద లేదు. కలర్ పోర్ట్రెయిట్లకు మేలు, బ్లాక్ అండ్ వైట్‌కు అంతంతమాత్రం. కానన్ జీ570లో బూడిద, ఎరుపు ఉన్నాయి. ఎప్సన్ ఎల్8180లో ఫోటో నలుపుతో పాటు బూడిద ఉంది, అక్షరాలకు వేరే పిగ్మెంట్ నలుపు ఉంది, ఏ3 ప్లస్ దాకా వేస్తుంది. ఇంట్లో కలర్ ఫోటోలతోపాటు అప్పుడప్పుడు పాత ఫోటోలు కూడా వేసుకునేవాళ్లకు ఇలాంటివి సరైనవి. పై మెట్టులో కానన్ ప్రో-200లో బూడిద, లేత బూడిద రెండూ ఉన్నా ఇంకులు డై. ప్రో-300 పిగ్మెంటే గానీ బూడిద ఒక్కటే. బ్లాక్ అండ్ వైట్ మీదే మనసున్నవాళ్లకు మా ఓటు పీ700కే.

కొన్న తర్వాత ఒక పరీక్ష చేయండి. నలుపు నుంచి తెలుపు దాకా సాగే బూడిద పట్టీని వేసి, ఒక రోజు ఆరనిచ్చి, ట్యూబ్‌లైటు, ఎల్ఈడీ బల్బు, పగటి వెలుతురు మూడింటి కిందా చూడండి. ఛాయ మారుతుంటే రంగు ఇంకులు ఎక్కువ పడుతున్నట్టు.

"ఏ ఇంకైనా ఒకటే" అనేవాళ్లు డ్రైవర్‌లోని (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లోని) రంగుల లెక్క ఆ కంపెనీ ఇంక్, ఆ కంపెనీ పేపరు కోసం కట్టిందని మర్చిపోతున్నారు. వేరే ఇంక్ పోస్తే ఆ జతకు ఐసీసీ ప్రొఫైల్ (రంగులు సరిగ్గా రావడానికి దిద్దుబాటు లెక్కల ఫైలు) చేయించుకోవాలి, లేకపోతే చర్మం రంగు మారిపోవచ్చు. డై ప్రింటర్‌లో పిగ్మెంట్ పోస్తే ఇంక్ చల్లే హెడ్ మూసుకుపోయే ప్రమాదం. సెకండ్‌హ్యాండ్ ఎల్805 కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మగ్గులు, టీషర్టుల పనికి వాటిలో సబ్లిమేషన్ ఇంక్ పోసేవాళ్లు చాలామంది. అది ట్యూబుల్లో, డ్యాంపర్లలో (హెడ్‌కు ఇంక్ అందించే చిన్న గదుల్లో) మిగిలిపోయి ఉండొచ్చు.

పేపరు విషయంలో తేడా ఇంకా స్పష్టం. స్టేషనరీ షాపుల్లో చవగ్గా దొరికే 180 జీఎస్ఎం గ్లాసీ చాలావరకు కాస్ట్ కోటెడ్ రకం, మామూలు కాగితం మీద పూత. ఇంక్ ఎక్కువైతే అలలు తేలుతుంది, పిగ్మెంట్ ఇంక్ దానికి సరిగా పట్టదు. ఆర్‌సీ పేపరులో కాగితానికి ఇరువైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. మూల చింపితే ఆ పొర సాగి కనిపిస్తుంది. మ్యాట్ పేపరులో ఏ వైపు పూత ఉందో తెలియకపోతే తడి వేలితో మూల తాకండి, అంటుకునే వైపు పూత వైపు.

"వందేళ్లు" అన్న అంకె ఆల్బమ్‌లో, చీకట్లో దాచిన ప్రింటుకు చెప్పింది. గోడ మీద అద్దం లేకుండా పెట్టిన డై ప్రింటును ఎండ, గాలిలోని ఓజోన్ కలిసి వెలిసిపోయేలా చేస్తాయి. వేలాడదీసేదైతే పిగ్మెంట్ ఇంక్ మేలు. ఏ ఇంకైనా 24 గంటలు ఆరనివ్వకుండా ఫ్రేము కట్టిస్తే లోపలి ఆవిరి అద్దానికి మంచులా పడుతుంది. ప్రింటు అద్దానికి తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టించాలి. కోస్తా తేమకు అద్దానికి అతుక్కున్న ఫోటోను విడదీయడం దాదాపు అసాధ్యం.

పది రంగుల ప్రింటర్లు "ఎత్తుగడ" కాదు గానీ, ఖర్చు మాత్రం నిజం. పీ700 కార్ట్రిడ్జ్ 25 మిల్లీలీటర్లు, ప్రో-300ది 14.4. ఎల్8050 సీసా 70. పైగా మొదటి సెట్టులో కొంత ఇంక్ ప్రింటర్‌ను సిద్ధం చేయడానికే పోతుంది.

ఆ సలహాలో అసలు లేని మాట ఒకటుంది: వాడకపోతే ఏ ఇంక్‌జెట్ అయినా ఎండిపోతుంది. వారానికోసారి అన్ని రంగులూ ఉన్న చిన్న ప్రింటు తీయాలి. ఆపేటప్పుడు ప్రింటర్ బటన్‌తోనే ఆపాలి. గోడ స్విచ్ తీసేస్తే హెడ్ మీద మూత పడకపోవచ్చు. ముద్రణ మధ్యలో కరెంటు పోయినా అంతే, రాగానే ఆన్ చేసి మళ్లీ సరిగా ఆపాలి. నాజిల్ చెక్‌లో (ఇంక్ రంధ్రాలు తెరిచి ఉన్నాయో చూసే పరీక్ష ప్రింటులో) గీతలు తెగితే రెండుసార్లు క్లీనింగ్ చేసి, అప్పటికీ రాకపోతే రాత్రంతా వదిలేసి పొద్దున చూడాలి. వరసగా పదిసార్లు క్లీనింగ్ చేస్తే వృథా ఇంక్ ప్యాడ్ నిండుతుందే గానీ నాజిల్ తెరుచుకోదు.

నెలకు నాలుగైదు ఫోటోలు మించి వేయనివాళ్లు ప్రింటరే కొనకండి. ఫైలును ఎస్ఆర్‌జీబీలో (ఫోన్లు, కెమెరాలు మామూలుగా వాడే రంగుల పద్ధతిలో), 300 పిక్సెళ్ల లెక్కన సిద్ధం చేసి ల్యాబుకు ఇవ్వండి, ఆటో కరెక్షన్ వద్దని చెప్పండి. బ్లాక్ అండ్ వైట్ అయితే ముందు ఒక్క 4×6 తీయించి, బయటికి తెచ్చి పగటి వెలుతురులో ఛాయ చూసుకున్నాకే పెద్ద సైజు చెప్పండి. కలర్ పేపరు మీద వేసే ల్యాబుల్లోనూ బూడిదలో రంగు ఛాయ తేలే అవకాశం ఉంటుంది.