పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టేనా?

పోయిన ఏడాది మా చిన్నాయన కూతురికి ఒక సంబంధం వచ్చింది. పిల్లోడిది గుత్తి దగ్గర పల్లె, బెంగళూరులో ఉద్యోగం, పిల్లకూ నచ్చాడు. అంతా కుదిరింది, ఇక తాంబూలాలే అనుకుంటుండగా ఎవరో చెప్పారని మా చిన్నాయన ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఆ పిల్లోడి మీద ‘బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టు’ తెప్పించాడు. రెండు గంటల్లో పీడీఎఫ్ వచ్చింది. అందులో ఎర్ర అక్షరాలతో క్రిమినల్ కేసు ఒకటి ఉందని రాసి ఉంది. ఆ రాత్రే మధ్యవర్తికి ఫోన్ చేసి జాతకాలు కుదరలేదని చెప్పేశాడు. నాకు నెల తర్వాత తెలిసింది. రిపోర్టులో ఉన్న కేసు నంబరు పట్టుకుని కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ వెబ్‌సైటులో చూశాను, దానికి పైసా ఖర్చు కాలేదు. ఆ కేసు పెట్టిన ఏడాదికి మన పిల్లోడి వయసు పదకొండేళ్లు.

అతని అసలు పేరు రాయను, కుళ్లాయప్ప అనుకోండి. మా అనంతపురం జిల్లాలో కుళ్లాయప్పలు ఎందరుంటారో ఎవరైనా లెక్క చెప్పగలరా? గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకున్న ఇళ్లలో హిందువులైనా ముస్లింలైనా ఆ పేరు పెట్టుకుంటారు. కర్నూలు వైపు పోతే ఉరుకుంద ఈరన్న పేరు మీద ఈరన్నలు, ఉరుకుందప్పలు, బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి స్వామి పేరు మీద మద్దిలేటిలు, మద్దయ్యలు, అహోబిలం దేవుడి పేరు మీద ఓబులేసులు ఊరికి పదిమంది. కడపలో దస్తగిరిలు, మహబూబ్ బాషాలు వీధికి ఇద్దరు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు నలుగురు ఉంటారు కాబట్టే ‘బావికాడ ఈరన్న’, ‘కరెంటు ఈరన్న’ అని గుర్తు పెట్టి పిలుస్తారు. ఇదే పేరును ఇంగ్లీషులో స్టేషన్ రైటర్ ఒక రకంగా, స్కూల్లో ఒక రకంగా, బ్యాంకులో ఇంకో రకంగా రాస్తారు, ఇంటిపేరేమో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. ఇలాంటి పేర్లను కంప్యూటర్‌కిచ్చి మనిషిని పట్టుకొమ్మంటే అది ఎవరినో ఒకరిని పట్టుకొచ్చి చూపిస్తుంది.

డబ్బు తీసుకుని ఈ రిపోర్టులు అమ్మేవాళ్ల దగ్గర మనకు దొరకని రహస్యమేదో ఉందనుకుంటే పొరపాటు. కోర్టు కేసుల వివరాలు ఈకోర్ట్స్‌లో పేరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టే చెప్పింది. నిందితుడికి తన మీద కేసేంటో తెలియాలన్నది ఆ తీర్పు ఉద్దేశం. ఆ మేలు కోసం పెట్టిన కాగితాన్నే ఇప్పుడు అతని మీదికి తిప్పి అమ్ముకుంటున్నారు. ఫోన్ నంబరుతో వెతుకుతామని చెప్పేవాళ్ల సంగతీ అంతే. మనం వదిలేసిన నంబరును కంపెనీలు 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు, పాత మనిషి అప్పులూ తగాదాలూ ఆ నంబరుతో పాటే కొత్త మనిషి ఇంటికొస్తాయి.

ఇలాంటి వాటికి 1970 నుంచీ చట్టం ఉన్న అమెరికాలో ఏం జరిగిందో చూడండి. ట్రాన్స్‌యూనియన్ అనే పెద్ద క్రెడిట్ సంస్థ పుట్టినతేదీ కూడా చూడకుండా పేరూ ఇంటిపేరూ మాత్రమే పోల్చి, టెర్రరిస్టులూ డ్రగ్స్ వ్యాపారులూ ఉన్న ప్రభుత్వ జాబితాతో మామూలు మనుషులను కలిపేసింది. 2011లో కారు కొనడానికి పోయిన ఒకాయనకు ‘నీ పేరు ఆ జాబితాలో ఉంది, నీకు అమ్మం’ అని షోరూంలో భార్య ముందే చెప్పారు, చివరికి ఆమె పేరున కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ కేసు 2021లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వచ్చేసరికి అలాంటి ముద్ర పడినవాళ్లు 8,185 మందని తేలింది. 2023లో ట్రూత్‌ఫైండర్, ఇన్‌స్టంట్ చెక్‌మేట్ అనే రెండు రిపోర్టు సైట్ల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 58 లక్షల డాలర్ల జరిమానా వేయించింది. ట్రాఫిక్ చలానా తప్ప ఇంకేం లేని మనుషుల గురించి కూడా క్రిమినల్ రికార్డు ఉన్నట్టు అనిపించేలా చూపి రిపోర్టులు అమ్ముకున్నారన్నది అభియోగాల్లో ఒకటి.

ఆడపిల్ల పెళ్లి, ఒంటరి అమ్మాయి కొత్త ఊళ్లో ఇల్లు తీసుకోవడం, ముసలి తల్లిదండ్రుల దగ్గర పనిమనిషిని పెట్టుకోవడం లాంటి చోట తెలుసుకోకుండా ఎలా నమ్ముతాం అని అడుగుతారు. అడగాల్సిందే, ఆ భయం నిజమైనదే, పెళ్లి సైట్లలో మోసపోయిన ఆడపిల్లల కథలు నేనూ విన్నాను. కానీ మోసం చేయడానికి వచ్చినవాడు తన అసలు పేరు చెబుతాడా? దొంగ పేరు చెబుతాడు, ఆ పేరు మీద కేసులుండవు, రిపోర్టు శుభ్రంగా వస్తుంది. ఇంట్లో భార్యను రోజూ కొట్టేవాడి మీద ఆ భార్య స్టేషన్‌కు వెళ్లకపోతే వాడి రిపోర్టూ శుభ్రంగానే వస్తుంది. అంటే ఎవరి గురించి భయపడి డబ్బు కడుతున్నామో వాళ్లు తప్పించుకుంటారు, సొంత పేరుతో బతికే కుళ్లాయప్పలు దొరికిపోతారు.

పేరు తప్పుగా కలిస్తే సరే, సరిగ్గానే కలిసి, కేసు నిజంగా ఆ మనిషిదే అయితే? నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మా సీమలో ఎఫ్‌ఐఆర్‌లు ఎలా పుట్టాయో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఫ్యాక్షన్ రోజుల్లో ఒక గొడవ జరిగితే ఫిర్యాదులో ఏ1 నుంచి ఏ20 దాకా పేర్లు పడేవి. ఆ రోజు ఊళ్లోనే లేనివాడు, పొలంలో నీళ్లు కడుతున్నవాడు, అవతలి వర్గానికి బావమరిది అయినందుకు ఒకడు, చదువుకుని ఉద్యోగానికి పోతాడేమోనని కావాలనే ఇరికించిన కుర్రాడు ఒకడు. ఎన్నికలొస్తే ముందుజాగ్రత్త అని బైండోవర్ చేస్తారు, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించుకుంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది సెక్షన్ 107, కొత్త చట్టంలో 126 అయింది. అందులో నేరం చేశాడని ఎవరూ తేల్చరు, అయినా జనం నోట అదీ ‘కేసే’. ఆ పేర్లున్నవాళ్లు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి, పని దినాలు పోగొట్టుకుని, బయటపడ్డారు. కొన్ని కోర్టు కొట్టేసింది, చిన్నవి లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాయి, ఇరువైపులవాళ్లు ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోజనం చేస్తున్నారు. ఊరు దాన్ని వదిలేసింది. కానీ ఆ మనిషి బెంగళూరులో వాచ్‌మన్ పనికో, కొడుకు దగ్గర అద్దె ఇంటికో పోతే, అసలే కడప, కర్నూలు అనగానే కనుబొమలు ఎగరేసే ఇంటి ఓనర్ చేతికి ‘కేసు ఉంది’ అనే ఒక్క లైను వస్తుంది. కొట్టేశారన్న లైను రిపోర్టులో ఎందుకుండదు? అది ఉంటే కొనేవాడికి భయం ఉండదు, భయం లేకపోతే వచ్చే నెల ఇంకో రిపోర్టు కొనడు.

చట్టం కాపాడుతుందా అంటే, ఇప్పటికైతే నాకు ఆ నమ్మకం లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, కానీ చట్టప్రకారం బహిరంగంగా పెట్టిన సమాచారానికి అది వర్తించదని అందులోనే రాసుకున్నారు. తప్పు సరిదిద్దమని అడిగే హక్కు, సరైన సమాచారమే వాడాలన్న బాధ్యత ఆ చట్టంలో ఉన్నా, ఈ వ్యాపారులు ఆ సందులోంచి జారుకుంటారు. ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీలకు లైసెన్సు పెట్టాలని 2007లో రాజ్యసభలో తెచ్చిన బిల్లు చట్టం కానే లేదు. నిర్దోషి అని తేలిన ఒకాయన పేరున్న తీర్పును వెబ్‌సైటు నుంచి తీసేయమని 2024 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు చెబితే, జూలైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తీర్పులు దాచమని నేనూ అడగను, కోర్టులు తెరిచే ఉండాలి. తీర్పు చదవకుండా పేరొక్కటి పీకి అమ్మే వ్యాపారాన్ని మాత్రం ఆపాలి. అమ్మిన ప్రతి రిపోర్టు నకలు ఆ మనిషికి పంపాలి, తప్పని తేలితే అమ్మినవాడు పరిహారం కట్టాలి.

మరి తెలుసుకోవడమెలా అంటే, కడప వైపు నుంచి కువైట్‌కు పోయేవాళ్లను అడగండి. పాస్‌పోర్ట్ సేవలో 500 రూపాయలు కట్టి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ వాళ్లే తెచ్చుకుంటారు. తన గురించి విచారణ జరుగుతోందని ఆ మనిషికి తెలుసు, తప్పుంటే స్టేషన్‌కు పోయి ఆ కుళ్లాయప్పను నేను కాదని చెప్పుకోవచ్చు. పెళ్లి సంబంధమైతే వెనకటిలా ఊరికి పోయి నలుగురిని అడిగిరండి, ఆ నలుగురూ రేపు మీకు ముఖం చూపించాల్సినవాళ్లే కాబట్టి కొంచెం ఆలోచించి మాట్లాడతారు. అప్పటికే రిపోర్టు తెప్పించి ఉంటే దాన్ని ఆ మనిషి ముందు పెట్టి ‘ఇది నువ్వేనా నాయనా’ అని అడగండి. మా చిన్నాయన అడిగి ఉంటే ఆ పిల్లోడు పదో తరగతి సర్టిఫికెట్ తీసి పుట్టినతేదీ, తండ్రి పేరు చూపించేవాడు, అయిదు నిమిషాల పని. మా చెల్లెలికి వేరే సంబంధం ఖాయమైంది. ఆ పిల్లోడి ఇంట్లో జాతకాలు కుదరలేదనే అనుకుంటున్నారు, పోయి నిజం చెప్పొద్దామంటే చిన్నాయన ఇంకా సరేననలేదు.