అందాజు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అందాజు గారికి,

నెల్లూరు నుంచి ఒక 2005 మోడల్ పెట్రోల్ కారు యజమాని రాసుకునేది. మీ అడ్రసు నాకు తెలియదు. అయితే ఈ ఊళ్లో ఏ షెడ్డుకు పోయినా మెకానిక్ కంటే ముందు మీరే ఎదురొస్తున్నారు కాబట్టి, ఉత్తరం ఎక్కడ ఇచ్చినా చేరుతుందని ధైర్యం.

నేను చెప్పిన జబ్బులు రెండే. పెన్నా బ్రిడ్జి ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ గోల పెడుతుంది, స్పీడు మాత్రం పెరగదు. గతుకుల్లో ముందు వైపు టకటకమంటుంది. బానెట్ ఎత్తలేదు, చక్రం ముట్టుకోలేదు. షెడ్డు కుర్రాడి నోట మీరు తీర్పు చెప్పేశారు: "పికప్ లేదంటే ఫ్యూయల్ పంపన్నా. సౌండంటే షాకులు పోయినట్టే. మార్చేద్దాం."

మార్చాం. పంపు కొత్తది, షాకులు (షాక్ అబ్జార్బర్లు) కొత్తవి, రోగం పాతదే. తర్వాత ప్లగ్గులన్నారు, ఆ తర్వాత ఇంజెక్టర్లన్నారు. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్న బండి ఇది. మీ దయ ఇలాగే ఉంటే వచ్చే రెన్యువల్ నాటికి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు తప్ప పాతదేదీ మిగలదు.

మా బావది ఒంగోలు. చీమకుర్తి గ్రానైట్ లారీల వెనకాలే ఆయన తిరుగుడంతా. ఆయన నమ్మిన ముసలి మెకానిక్ దగ్గర మీకు బొత్తిగా మర్యాద లేదని విని బండి అక్కడికి తోలాను. ఆ మెకానిక్ స్పానర్ పట్టలేదు. పక్కన కూర్చుని ఒక రౌండు తిప్పమన్నాడు. సౌండు బ్రేక్ వేస్తే వస్తుందా, స్టీరింగ్ తిప్పితేనా, ఇంజిన్ వేడెక్కాకనా అని పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడిగాడు. ఖాళీ జాగాలో హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగించి, మూడో గేరులో కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదలమన్నాడు. ఇంజిన్ ఆగిపోవాలి. మాది ఆగకుండా తిరిగింది. క్లచ్ ప్లేటు జారుతోంది, ఇంజిన్ బలం చక్రాలకు చేరడం లేదన్నమాట! పెట్రోలు అందకపోతే ఇంజినే నీరసిస్తుంది గానీ అంత గోల ఎందుకు పెడుతుందయ్యా అన్నాడు. పంపు మీద అనుమానముంటే గేజీ పెట్టి ప్రెషర్ చూడొచ్చట. ఆ సంగతి మీరెప్పుడూ చెప్పలేదు.

షాకుల కథ ఇంకా బాగుంది. బండి మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి, ఊగుతూనే ఉంటే షాకు పోయినట్టు. ఒంటి మీద ఆయిల్ కారినా అంతే. మీరు పీకించిన నా పాత షాకులు డిక్కీలోనే ఉన్నాయి, పొడిగా. టకటకకు కారణం లింక్ రాడ్లు, అంటే సస్పెన్షన్‌ను యాంటీ రోల్ బార్‌కు (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీకి) కలిపే చిన్న కడ్డీలు. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి బాల్ జాయింట్, బేరింగ్ చూశాడు. అటూ ఇటూ ఊపి, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ చూశాడు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు దడ్ మంటే సస్పెన్షన్ కాదు, ముందు ఇంజిన్ మౌంటింగ్ చూడాలని కూడా చెప్పాడు. లింక్ రాడ్ల ఖరీదు మీ షాకుల బిల్లు ముందు చిల్లర.

మీరు ఈ మధ్య బండి కంప్యూటర్లో లోపాలు చదివే స్కానర్ కూడా పట్టుకుంటున్నారని విన్నాను. సంతోషం. కాకపోతే అరిగిన లింక్ రాడ్‌కు సెన్సార్ ఉండదు. స్క్రీన్ మీద "నో ఫాల్ట్" అని రాగానే బండి బాగుందని చెప్పి పంపించకండి.

ఇంకొక్క మాట. నిన్న మీ షెడ్డులోకి ఫోన్ చేసి ఏసీ సరిగ్గా చల్లబడటం లేదన్నాను. బండి ఇంకా మా ఇంటి ముందే ఉంది. గ్యాస్ అయిపోయిందని అప్పుడే తేల్చేశారట.

ఇట్లు,
మీ పాత కస్టమర్