టీకొట్టు రీసెర్చి మెథడాలజీ

రీసెర్చి ఎలా చెయ్యాలో యూనివర్సిటీల్లో కూర్చోబెట్టి నేర్పడం శుద్ధ దండగని నా అభిప్రాయం. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్లో ఏ టీకొట్టు ముందైనా సాయంత్రం అరగంట నిలబడితే సిలబస్ మొత్తం అయిపోద్ది. ముందో ఊహ అనుకుని, అది తప్పేమో అని పరీక్ష పెట్టి చూడాలట, దాన్నే హైపోథిసిస్ అంటారట. ఇక్కడ ఊహలుండవండి, అన్నీ తీర్పులే, అప్పీలు కూడా లేదు.

శాంపిల్, అంటే అందరి బదులూ అడిగి చూసే కొందరి సంగతి చూడండి. "జిల్లా మొత్తం అదే అనుకుంతన్నార్రా" అంటాడు మా మావయ్య. జిల్లా అంటే ఆ బల్ల మీదున్న నలుగురు, అందులో ఇద్దరు ఆయన తోడల్లుళ్ళు. నవ్వకండి, 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు 24 లక్షల మంది జవాబులు లెక్కేసి మరీ అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడంది, ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచి కూర్చున్నాడు. ఆ రోజుల్లో కార్లూ ఫోన్లూ ఉన్నోళ్ళ అడ్రసులు పట్టుకుని అడిగితే అంతే మరి. మావయ్యనడిగి తప్పు చెప్పించుకునుంటే పోస్టు ఖర్చైనా మిగిలేది.

ప్రస్తుతం ఆయన పరిశోధన మోకాళ్ళ నొప్పి తైలం మీద. నువ్వుల నూనెలో వెల్లుల్లి, వాము, ఇంకా పేరు చెప్పని ఆకేదో వేసి కాచి పాత దగ్గు మందు సీసాల్లో పోస్తాడు. పక్కింటి పిన్ని రాసుకుంది, వారం తిరిగేసరికి తగ్గింది. అదే వారంలో ఆవిడ మేడ మెట్లెక్కడం మానేసింది, డాక్టరిచ్చిన బిళ్ళలూ వేసుకుంది, కానీ పేరు మాత్రం తైలానికే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు స్కర్వీ (చిగుళ్ళు పాడై నెత్తురు కారే జబ్బు) వచ్చిన 12 మందిని ఇద్దరిద్దరిగా విడదీసి, తిండి అందరికీ ఒకటే పెట్టి, మందు మాత్రం జంటకోటి ఇచ్చి చూస్తే నారింజ, నిమ్మ తిన్న జంటే లేచి తిరిగింది. అలా పోల్చి చూడ్డానికి తైలం రాయనోళ్ళు కొందరుండాలి కదా మావయ్యా అంటే, "మందుంచుకుని రాయకుండా ఉంచీడానికి మనం రాక్షసులమేటి?" అన్నాడు. మరి రాసినా తగ్గనోళ్ళో? "ఆలు పత్తెం సేసుండరు." అదీ దెబ్బ! తప్పని తేల్చే దారే లేని మాట సైన్సు కాదని కార్ల్ పాపర్ అనే తత్వవేత్త ఊరికే మొత్తుకోలేదు. అరసవిల్లి సూర్యుడి గుళ్ళో స్వామి పాదాల మీద కిరణాలు పడతాయని మార్చికీ అక్టోబరుకీ తేదీల్తో సహా చెప్తారు, ఆ పొద్దున్న మబ్బు పట్టిందా, కనబడలేదనే చెప్పుకుని ఇళ్ళకెళ్తారు. మావయ్య తైలానికి మబ్బనేది పట్టదు.

పోనీ ఆయనకి నచ్చే ఉదాహరణని టీ కథ చెప్పాను. కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో తాగి చెప్పేస్తానని ఒకావిడంటే, రోనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగిలా నాలుగలా 8 కప్పులు కలిపి పరీక్ష పెట్టాడు, గుడ్డిగా చెప్తే అన్నీ కరెక్టయ్యే అవకాశం 70లో 1. మావయ్య అంతా విని, "రెండూ కలిపి మరిగించీకుండా ఏటా తాగడం" అన్నాడు.

ఆఖరికి డబుల్ బ్లైండ్ గురించి చెప్పాను. ఒక సీసాలో తైలం, ఇంకోదాంట్లో ఉత్త నూనె, ఏది ఏదో రాసేవాళ్ళకీ తెలీకూడదు, రాయించుకునేవాళ్ళకీ తెలీకూడదు అని. మావయ్యకి నిజంగానే కోపం వచ్చింది.

"నాకే తెలీకపోతే ఎలాగరా అల్లుడూ, ఇది మంచి మందని నాను సెప్పి రాస్తేనే కదేటి తగ్గీది!"