కోరిక నమోదైంది, ఇక దయచేయండి

డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డీపీకేజీ (dpkg) అనే ప్రోగ్రాం ఉంది, ఒక అధికారి అనుకోండి. ప్యాకేజీల, అంటే సాఫ్ట్‌వేర్ మూటల, వ్యవహారమంతా ఆయన చేతి మీదుగానే నడుస్తుంది. మౌస్ పట్టుకుని వచ్చేవాళ్లతో ఆయన నేరుగా మాట్లాడరు. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ కిటికీలో, నిర్ణీత నమూనాలో అర్జీ పెట్టుకోవాలి. మన సర్కారీ ఆఫీసులు ఆయన్ని చూసి నేర్చుకున్నాయో, ఆయనే మన ఆఫీసుల్లో ట్రైనింగ్ అయ్యారో తేల్చడానికి ఒక కమిటీ వేయాలి.

'డీపీకేజీ -ఎల్' అని కొట్టి చూడండి. ప్రతి ప్యాకేజీ పేరు ముందు రెండక్షరాలుంటాయి. మొదటిది మీరు కోరింది, రెండోది నిజంగా జరిగింది. 'ఐఐ' అంటే వేయమన్నారు, వేశాం. 'ఆర్‌సీ' అంటే తీసేయమన్నారు, తీసేశాం, కాన్ఫిగ్ ఫైళ్లు (సెట్టింగులు) మాత్రం బీరువాలోనే ఉన్నాయి. బీరువా కూడా ఖాళీ చేయాలంటే 'పర్జ్' అని వేరే దరఖాస్తు. అయినా కోరికకో గడి, వాస్తవానికో గడి పెట్టేంత నిజాయితీ ఏ మేనిఫెస్టోలో చూశాం?

ఇక బదిలీల సీజన్. పాత మెషీన్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి కావాలి. 'గెట్-సెలెక్షన్స్' అంటే జాబితా వస్తుంది: ప్యాకేజీ పేరు, పక్కన ఇన్‌స్టాల్, హోల్డ్ లాంటి ఒక్క మాట. దాన్ని ఫైల్లో దాచి, కొత్త మెషీన్లో 'సెట్-సెలెక్షన్స్'కి భక్తితో సమర్పిస్తాం. ఎంటర్ కొడతాం. ప్రాంప్ట్ తిరిగొస్తుంది. అంతే, ఒక్క ప్యాకేజీ కూడా దిగదు. కంగారు పడకండి, కోరిక నమోదైంది. అమలు కావాలంటే పక్క సెక్షన్లో, ప్యాకేజీలు తెప్పించి వేయించే ఆప్ట్ ప్రోగ్రాం కౌంటరైన ఆప్ట్-గెట్ దగ్గరికెళ్లి 'డీసెలెక్ట్-అప్‌గ్రేడ్' అనాలి. డీసెలెక్ట్ అనేది ఆప్ట్ కంటే ముందు తరం ప్రోగ్రాం. ఇప్పుడు దాన్ని వాడేవాళ్లు అరుదు, పేరు మాత్రం స్టాంపు మీద మిగిలింది. అన్నట్టు, ఆ ప్యాకేజీల పేర్లు ముందే డీపీకేజీ రిజిస్టర్లో లేకపోతే, ఇవెవరో మాకు తెలీదని వార్నింగ్ ఇచ్చి అర్జీ పక్కన పడేస్తారు. 'మెర్జ్-అవైల్'తో ముందు వాటిని ఎక్కించుకుని రావాలి. ఇది కౌంటర్ దగ్గరికి వచ్చాకే చెబుతారు.

'హోల్డ్' గురించి ఒక ఫిర్యాదు. 'ఆప్ట్-మార్క్ హోల్డ్' అంటే ఆ ప్యాకేజీని అప్‌గ్రేడ్‌లో ముట్టుకోరు. మంచిదే. కానీ హోల్డ్ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని రాసే గడి లేదు. పెట్టినాయన ఉద్యోగం మారి వెళ్లిపోతాడు. తర్వాత వచ్చినవాళ్లకి అది తీసే ధైర్యం ఉండదు. సెక్యూరిటీ ప్యాచ్‌లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంటాయి.

మరీ ప్రమాదకరమైన అర్జీలకి ఆప్ట్ ఒకప్పుడు 'యెస్, డూ యాజ్ ఐ సే!' అని పూర్తి వాక్యం టైప్ చేయించుకునేది. 2021లో ఒక పేరున్న యూట్యూబర్ పాప్ ఓఎస్ అనే ఇంకో లినక్స్‌లో స్టీమ్ అనే గేమ్‌ల ప్రోగ్రాం వేయబోయి, వార్నింగ్ దాటేసి, ఆ వాక్యాన్ని శుభ్రంగా టైప్ చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం ఎగిరిపోయింది. తర్వాత ఆప్ట్ వాళ్లు ఆ వాక్యాన్నే ఎత్తేశారు. పౌరుడి మాటని అక్షరాలా నమ్మిన ఏకైక కౌంటర్ అలా మూతపడింది.

ఇందాకటి 'గెట్-సెలెక్షన్స్' జాబితాలో ఇంకో లోపం ఉంది. ఏ ప్యాకేజీని మనం కోరి తెచ్చుకున్నాం, ఏది ఇంకొకటి నడవడానికి అవసరమై దాని వెనకాల డిపెండెన్సీగా వచ్చింది అన్న ముక్క అందులో ఉండదు. అది ఆప్ట్ వేరే పుస్తకంలో రాసుకుంటుంది, ఆ పుస్తకం బదిలీ కాదు. దాంతో కొత్త మెషీన్లో సిఫారసు మీద వచ్చిన లైబ్రరీలన్నిటికీ పర్మనెంట్ పోస్టులు. ఇక అవసరం లేని డిపెండెన్సీలను ఏరిపారేసే ఆటోరిమూవ్ తనిఖీకి వచ్చి, అందరి ఆర్డర్లూ సక్రమంగా ఉన్నాయని రాసి వెళ్లిపోతుంది.