జెండా ఉన్న బంపర్‌కు చట్టం వర్తించదా?

ఎనుమాముల మార్కెట్‌కు శని, ఆదివారాలు సెలవు. పత్తి, మిర్చి, మక్కలు మోసే లారీలకు ఒళ్లు చూపించుకునే తీరిక దొరికేది ఆ రెండు రోజులే. బండి బరువు మోసే స్ప్రింగులో విరిగిన కమాన్ పట్టీ మార్చాలన్నా, అరిగిన బ్రేక్ లైనింగ్ వేయించాలన్నా, గ్రీజు కొట్టించాలన్నా సోమవారం తెల్లారేలోపు కావాలి. మొన్న ఆదివారం సరిగ్గా ఆ వేళకే వరంగల్‌లో మెకానిక్ షెడ్లకు వెళ్లే దారి మీద తనిఖీ బృందం బారికేడ్ వేసింది. బాగు చేయించుకోవడానికి వస్తున్న బండిని ఆపి, బాగా లేదని చలానా రాసింది. దవాఖాన గేటు దగ్గర నిలబడి, జ్వరమెందుకు వచ్చిందని జరిమానా వేసినట్టుంది ఈ యవ్వారం.

అంతటితో ఆగితే ఈ నాలుగు మాటలు రాసేవాళ్లం కాదేమో. లారీల వరుస పక్క నుంచే ఒక పెద్ద నల్ల ఎస్‌యూవీ వచ్చింది. ముందు నడుమెత్తు ఇనుప గార్డు, దాని మీద వరుసగా ఎల్‌ఈడీ దీపాలు, లోపల మనిషి ఆనవాలు తెలియని అద్దాలు, బానెట్ మూలన పార్టీ జెండా. బారికేడ్ పక్కకు జరిగింది. కానిస్టేబుల్ చేయి నుదుటి దాకా లేచింది. అది ఏ పార్టీ జెండా అని అడగకండి. ఎన్నికలైనప్పుడల్లా జెండా రంగు మారుతుంది, బంపర్ అదే ఉంటుంది.

చట్టం ఏం చెబుతుందో పాఠకులకు తెలుసు. పట్టించుకోవాల్సినవాళ్లకే గుర్తు చేయాల్సి వస్తోంది. తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. అద్దాల సంగతి సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో తేల్చింది. ముందు, వెనుక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పారాలి. ఆ తర్వాతి సవరణల మీద వాదనలు నడుస్తున్నా ఈ లెక్క మారలేదు. మినహాయింపు జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకే. హనుమకొండ చౌరస్తాలో ఒక గంట నిలబడితే కనిపించే నల్ల అద్దాలన్నిటి వెనుకా అంతటి భద్రత ఉన్నవాళ్లే కూర్చున్నారని నమ్మాలా?

ఇనుప గార్డు అంత పెద్ద నేరమా అని అడిగేవాళ్లున్నారు. ఎస్‌యూవీ ముందు భాగాన్ని కంపెనీవాళ్లు కావాలనే నలిగేలా చేస్తారు. గుద్దుకున్నప్పుడు ఆ నలిగే రేకే దెబ్బలో చాలా భాగాన్ని తను తిని, లోపలి మనిషికి తక్కువ చేరనిస్తుంది. గార్డును నేరుగా చాసిస్‌కు బిగిస్తే నలగాల్సింది నలగదు. దెబ్బ మొత్తం చాసిస్ మీదుగా సీట్ల దాకా వస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సెన్సార్ల లెక్క కంపెనీ బంపర్‌ను బట్టి కట్టింది. మధ్యలో ఇనుప పైపులు చేరితే ఆ లెక్క తప్పుతుంది. ఇది లోపల కూర్చున్నవాళ్ల సంగతి. రోడ్డు మీద నడిచేవాడి మాటేమిటి? ప్లాస్టిక్ బంపర్ తగిలితే కాలు విరగొచ్చు. అదే ఇనుప పైపు పెద్దవాళ్లకైతే తుంటి దగ్గర, బడికి పోయే పిల్లకైతే తల దగ్గర తగులుతుంది. మన పట్టణాల్లో ఫుట్‌పాత్ ఉన్న చోట బండ్లుంటాయి, బండ్లు పోయే చోట మనుషులు నడుస్తారు. ఇలాంటి ఊళ్లో ఆ పైపు ఎవరి ఎత్తుకు బిగించి ఉందో, దానికి జెండా కట్టుకున్న పెద్దమనిషి ఒక్కసారి కిందికి దిగి కొలుచుకుంటే మంచిది.

దీపాలదీ అదే కథ. హాలోజెన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైట్‌లో, దాని ఫిలమెంట్ ఎక్కడ వెలుగుతుందో చూసుకుని అద్దం వంపు తీరుస్తారు. అందులో చవక ఎల్‌ఈడీ దూరిస్తే వెలుగు రోడ్డు మీద పడకుండా చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది. చీకటి పడ్డాక ములుగు దాటి ఏటూరునాగారం వైపు 163వ నంబర్ జాతీయ రహదారి మీద బైక్ నడిపినవాళ్లను అడగండి. ఎదురుగా గార్డు మీద దీపాల వరుస పెట్టుకున్న బండి వస్తే రోడ్డు అంచు, బర్రె, మనిషి, ఏదీ కనిపించదు. కళ్లు మళ్లీ కుదురుకునేలోపు బైక్ ఎంత దూరం పోతుందో ఆ నడిపేవాడికే తెలుసు. మేడారం జాతరప్పుడు ఆ దారిలో కాన్వాయ్‌ల దీపాలకు, హారన్లకు దారి వదిలి మట్టిలోకి దిగిన భక్తులు ఎందరో.

హారన్ మాట వచ్చింది కనుక ఒక ముక్క. ఎర్రబుగ్గలు 2017 మే 1 నుంచి పోయాయి. బుగ్గ పోతే దాని స్థానంలోకి సైరన్ వచ్చి కూర్చుంది. అంబులెన్సుకు, ఫైరింజన్‌కు, పోలీసు బండికి ఉండాల్సిన కూత పెళ్లి ఊరేగింపుకు పోయే నాయకుడికి ఎందుకు? అడిగేవాడు లేక.

లారీలు తప్పు చేయవని ఈ పత్రిక అనడం లేదు. గోదావరి ఇసుక, భూపాలపల్లి బొగ్గు, కరీంనగర్ గ్రానైట్ మోసే బండ్లకు కమాన్ కట్టలో అదనపు పట్టీ వేయించి, టిప్పర్ తొట్టి అంచులు పెంచి, మోయకూడని బరువు మోయిస్తున్న మాట నిజం. పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితిని 2018లో కేంద్రం 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. అది కూడా చాలక పట్టీ మీద పట్టీ వేస్తున్నారు. బరువు మోయడానికి పట్టీ ఒప్పుకోవచ్చు, బ్రేక్ డ్రమ్ము ఒప్పుకోదు. దిగుడు మీద డ్రమ్ములు కాలి, లైనింగ్ పట్టు వదిలిందంటే స్టీరింగ్ వెనుక ఎంతటి అనుభవం ఉన్నా పనికిరాదు. 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయారు. ఆ వారం రాష్ట్రమంతా ఓవర్‌లోడ్ తనిఖీలే. మరుసటి నెలకు మళ్లీ పాత కథే.

అయితే ఆ పట్టీ వేయించింది ఎవరు? డ్రైవర్ కాదు. వాడి జీతంలో ఒక కమాన్ పట్టీ రాదు. ఓనరు వేయించాడు, ఓనరును ఒత్తిడి పెట్టి కాంట్రాక్టరు వేయించాడు, ఆ కాంట్రాక్టరు వెనుక ఎవరున్నారో ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అధిక బరువుకు చట్టం రాసిన జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఆ కాగితం చివరికి పడేది డ్రైవర్ చేతిలో. తొట్టి అంచు పెంచుకున్న టిప్పర్‌ను ఆపిన చోటనే, ఆ టిప్పర్ సంపాదనతో కొన్న నల్ల ఎస్‌యూవీకి సలాం కొడితే దాన్ని తనిఖీ అనాలా?

మరమ్మతు వేరు, మార్పు వేరు. ఈ తేడా తెలియనట్టు నటించడం వల్లే అసలు నష్టం. ఆదివారం పూట షెడ్లో జాకీ ఎత్తి ఉన్న లారీకి జరిగేది ఊరి జనం ప్రాణాలు కాపాడే పని. ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదిలేస్తారు, స్లాక్ అడ్జస్టర్ తిప్పి బ్రేక్ సరిచూస్తారు, వీల్ బేరింగుల్లో గ్రీజు నింపుతారు, పగిలిన టెయిల్ లైటు మారుస్తారు, వెనుక ఊడిన రిఫ్లెక్టర్ టేపు అంటిస్తారు. చలానా భయంతో ఆ బండి షెడ్డుకు రాకుండా సోమవారం నేరుగా లోడుకు పోతే ఎవరికి లాభం? ఆ పక్క వీధిలోనే కొత్త ఎస్‌యూవీకి గార్డు వెల్డింగ్ చేసి, కంపెనీ ఇచ్చినవాటికంటే పెద్ద టైర్లు ఎక్కించి, సైలెన్సర్ కోసి పంపే దుకాణం పగలంతా తెరిచే ఉంటుంది. దాని ముందు బారికేడ్ ఏనాడూ పడలేదు.

కాగితాల మీద కూడా ఈ పక్షపాతం ఉంది, దాన్ని ఎవరూ మాట్లాడరు. లారీ కొన్న ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు పోవాలి. ముందు రోజు ప్రెషర్ హారన్ విప్పి, మంచి టైర్లు అరువు తెచ్చి బిగించి, సర్టిఫికెట్ చేతికొచ్చాక మళ్లీ పాతవే ఎక్కించే నాటకం మాకూ తెలుసు. కనీసం ఏడాదికో, రెండేళ్లకో ఒకసారైనా ఆ నాటకం ఆడాల్సిన అవసరం లారీకి ఉంది. సొంత బండిగా రిజిస్టరైన ఎస్‌యూవీకి అదీ లేదు. 15 ఏళ్ల దాకా ఎవరూ పిలవరు, ఎవరూ చూడరు. షోరూం నుంచి తెచ్చిన మర్నాడు గార్డు బిగిస్తే, దాన్ని పట్టుకునేది రోడ్డు మీది కానిస్టేబుల్ ఒక్కడే. ఆ ఒక్కడి చేయేమో సలాంలో ఉంది.

నా డబ్బు, నా బండి, నా ముచ్చట అని యువకులు అంటున్నారు. వీటి మీద బతికే మెకానిక్‌ల పొట్ట కొట్టొద్దని మరికొందరు అంటున్నారు. నాయకులకు ముప్పు ఉంటుంది కదా అని అనుచరులు అంటున్నారు. విన్నాం. ముచ్చట ఎదుటివాడి కళ్లలో దీపం కాకూడదు, మెకానిక్‌కు చట్టబద్ధమైన పని బోలెడంత ఉంది, ముప్పు ఉన్న నాయకుడికి ప్రభుత్వం గన్‌మెన్లను ఇస్తుంది, ఇనుప పైపులను కాదు.

నా ముచ్చట అనే యువకుడిని తప్పుబట్టే ముందు, అతను ఎవరిని చూసి నేర్చుకున్నాడో అడగాలి. ఆర్‌సీ మీద టీజీ 03 నంబరున్న కొత్త బండి కొనగానే మొదట గార్డు ఎందుకు బిగిస్తున్నాడు? గార్డు ఉన్న బండిని ఆపరని వాడు రోజూ చూస్తున్నాడు కనుక. అద్దానికి నలుపు, బానెట్‌కు జెండా, వెనుక ఏదో పదవి పేరు ఉంటే చాలు, చౌరస్తా దానంతటదే తెరుచుకుంటుందని వాడికి రుజువైంది. పదవి లేనివాళ్లు మాజీ పదవి రాయించుకుంటున్నారు. ప్రభుత్వ పనికి అద్దెకు పెట్టిన కొన్ని బండ్లకూ ఇవే అలంకారాలు. మా వృత్తిని వదిలేస్తే అది కూడా కపటమే అవుతుంది. ‘ప్రెస్’ అని రాయించుకుని నల్ల అద్దాల్లో తిరిగే బండ్లూ ఈ ఊళ్లో ఉన్నాయి, వాటినీ ఆపండి. వాటిని ఆపినందుకు ఈ పత్రిక ఒక్క ఫోను కూడా చేయదు.

తనిఖీలు వద్దని మేం అనడం లేదు, ఆపొద్దని అసలే అనడం లేదు. వరుస మార్చమంటున్నాం. రోడ్డు భద్రత మాసం పేరుతో వేదికల మీద హెల్మెట్ గురించి ఉపన్యాసం దంచే పెద్దలు, ఆ వేదిక వెనుక నిలిపిన తమ బండి వైపు ఒక్కసారి చూసుకోండి. చలానా పుస్తకం పట్టుకున్న అధికారులారా, లారీ డ్రైవర్ ముందు గొంతు పెంచడానికి ధైర్యం అక్కర్లేదు. వచ్చే ఆదివారం షెడ్ల దారి మీద కాదు, మీ కార్యాలయ ఆవరణలోనే బారికేడ్ వేయండి. అక్కడ నిలిపి ఉన్న బండ్ల గార్డులు విప్పించండి, అద్దాల నలుపు గీకించండి, సైరన్ల వైర్లు పీకించండి. నట్లు విప్పే పానాలు లేవని సాకు చెప్పకండి, ఆటోనగర్‌లో ఏ మేస్త్రీని అడిగినా ఇస్తాడు.