షాపులో ప్రింటర్‌కి వైఫై వద్దండీ, వైరు వేయించండి

విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల షాపులోనైనా, గుంటూరు బ్రాడీపేట జిరాక్స్ సెంటర్‌లోనైనా రోజూ వినపడే మాట ఒకటే: "ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోందండీ." డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు, ఆ పూటకి పని నడుస్తుంది. మర్నాడు కరెంటు పోయొస్తే మళ్లీ మొదటికే. డ్రైవర్‌కీ దీనికీ సంబంధం లేదు.

కరెంటు పోయొచ్చాక రూటర్ చాలాసార్లు కంప్యూటర్లకీ ప్రింటర్లకీ కొత్తగా ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో వాటిని గుర్తుపట్టే నంబర్లు) పంచుతుంది. నిన్న 192.168.1.5లో ఉన్న ప్రింటర్ ఇవాళ 192.168.1.9కి మారుతుంది. కంప్యూటర్ మాత్రం పాత అడ్రసుకే బిల్లులు పంపుతూ ఉంటుంది. డ్రైవర్ మళ్లీ వేసినప్పుడు కొత్త అడ్రసు పట్టుకుంటుంది కాబట్టి బాగైనట్టు అనిపిస్తుంది, అంతే.

అందుకే కొనేటప్పుడే వెనక లాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోటు) ఉందో లేదో చూసుకోండి. క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా పని చేస్తుంది, అంత పెద్ద షాపు ఎవరికుంది? కేబుల్‌తో ప్రింటర్‌ని రూటర్‌కి కలిపాక ప్రింటర్ నుంచే కాన్ఫిగరేషన్ పేజీ తీయండి. అందులో లాన్‌కి ఒక మ్యాక్ అడ్రసు (తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు), వైఫైకి ఇంకొకటి ఉంటాయి. లాన్‌ది తీసుకుని రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ చేయండి, అంటే ఆ ప్రింటర్‌కి ఒకే ఐపీ అడ్రసు కేటాయించండి, ఇక అడ్రసు మారదు. తర్వాత విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్స్‌లో యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్‌కి ఆ ఐపీ అడ్రసు ఇవ్వండి. విండోస్ తనంతట తాను పెట్టుకునే డబ్ల్యూఎస్‌డీ పోర్టుని నమ్ముకోవద్దు. ఇంత చేసినా ఉత్తినే ఆఫ్‌లైన్ చూపిస్తుంటే కాన్ఫిగర్ పోర్ట్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ టిక్కు తీసేయండి. అది ప్రింటర్‌ని "ఎలా ఉన్నావు" అని విండోస్ అడిగే పద్ధతి. ఆ ప్రశ్నకి ప్రింటర్ జవాబివ్వకపోతే విండోస్ దాన్ని ఆఫ్‌లైన్ కింద కట్టేస్తుంది.

లాన్ లేని మోడల్ ఇప్పటికే కొనేశారా? కౌంటర్ పక్కనే అయితే యూఎస్‌బీ చాలు. 5 మీటర్లు దాటించొద్దు, సన్నటి ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు అసలొద్దు. ఎప్పుడూ ఒకే పోర్టుకి గుచ్చండి. పోర్టు మారితే కొన్ని ప్రింటర్లని విండోస్ కొత్తవనుకుని "కాపీ 1" అని ఇంకొకటి సృష్టిస్తుంది, బిల్లులేమో పాతదాని క్యూలో ఇరుక్కుంటాయి. వైఫై తప్పదంటే రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి వేరే పేరు పెట్టి ప్రింటర్‌ని దానికే కలపండి, చాలా ప్రింటర్లకి 5 గిగాహెర్ట్జ్ కనపడదు.

ఒక కంప్యూటర్‌కి పెట్టి మిగతావాటికి షేర్ చేయడం నాకు బొత్తిగా నచ్చని పద్ధతి. ఆ కంప్యూటర్ ఆపితే అందరికీ ప్రింటింగ్ బంద్. పైగా 2021లో విండోస్ ప్రింటింగ్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక వచ్చిన అప్‌డేట్లతో షేరింగ్‌లో 0x0000011బి ఎర్రర్ మొదలైంది. దానికి రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్‌ల పట్టికలో) భద్రత తగ్గించే చిట్కా చెప్పేవాళ్లు చాలామంది. లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్‌లో ఆ పని చేయకండి.

షేరింగ్ తప్పని చోటు ఒకటుంది. గుంటూరు మిర్చి వ్యాపారంలో కార్బన్ కాపీ కావాలంటే డాట్ మ్యాట్రిక్సే గతి. లేజర్, ఇంక్‌జెట్ కాగితాన్ని గుద్దవు కదా. కొత్త కంప్యూటర్‌కి ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్లు గుచ్చే పోర్టు) లేదని యూఎస్‌బీ కన్వర్టర్ కొంటారు. అది విండోస్‌కి యూఎస్‌బీ001గా కనిపిస్తుంది, పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్యారలల్ పోర్టు పేరైన ఎల్‌పీటీ1ని వెతుకుతుంది. ఆ ప్రింటర్‌ని అదే కంప్యూటర్‌లో షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1ని ఆ షేర్‌కి కలపండి. చివర పర్సిస్టెంట్ యస్ అని ఇవ్వకపోతే కంప్యూటర్ ఆపి వేశాక ఆ కలపడం పోవచ్చు.

యూపీఎస్ మీద రూటర్, నెట్‌వర్క్ స్విచ్, కంప్యూటర్ పెట్టండి. లేజర్ ప్రింటర్ మాత్రం నేరుగా గోడ ప్లగ్గుకే. కాగితం మీద పొడిని కాల్చి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి, 360 వాట్లు ఇచ్చే చిన్న 600 వీఏ యూపీఎస్ తట్టుకోలేక ట్రిప్ అవుతుంది, దాంతో కంప్యూటర్ కూడా ఆగిపోతుంది.